గౌస్ తీశానన్న సెన్సార్

ముత్తంగి కూడలి దాటి పటాన్‌చెరు వైపు సర్వీసు రోడ్డు పట్టుకుంటే కుడిచేతి పక్కన ఒక రేకుల షెడ్డు వస్తుంది. ఆ షెడ్డు గౌస్‌ది. మొన్నటి కార్తీకమాసం దాకా గౌస్‌ను ఎవరూ దొంగ అనలేదు. కోపిష్ఠి అన్నారు. నోటిదురుసు అన్నారు. చెప్పిన రోజుకు బండి ఇచ్చిన పాపాన పోడని తిట్టుకున్నారు. అవన్నీ నిజాలే కాబట్టి అతను పట్టించుకోలేదు. దొంగ అన్న మాట మాత్రం సూర్యారావు నోటి నుంచి వచ్చింది. వచ్చి ఊరుకోకుండా, రెండు వందల ఇళ్ళ కాలనీ మొత్తం తిరిగింది.

గౌస్‌కు యాభై రెండేళ్ళు. పుట్టి పెరిగింది సంగారెడ్డి పాత జైలు వెనక సందులో. తండ్రి లారీ సీట్లకు రెగ్జిన్ కుట్టేవాడు. గౌస్ ఏడో తరగతితో చదువుకు దణ్ణం పెట్టి లారీల షెడ్డులో చేరాడు. అక్కడ అతనికి పని నేర్పింది పుస్తకాలు కాదు, చెవి, అరచెయ్యి. బానెట్ ఎత్తి చెవి ఒగ్గితే ఏ సిలిండర్ మొరాయిస్తోందో చెప్పేవాడు. సైలెన్సర్ గొట్టం వెనక అరచెయ్యి పెట్టి, పొగలో వేడెంతో తడెంతో చూసి ఇంజను రోగం చెప్పేవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో అతని చెయ్యి తప్పు చెప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే అతనికి ముక్కుమీద కోపం. పని వచ్చినవాడి కోపాన్ని జనం భరిస్తారని అతనికి తెలుసు.

బండ్లలో కంప్యూటర్లు వచ్చాక అతని చెవికి పని తగ్గింది. బానెట్ కింద రోగం ఏదైనా ముందు డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. ఆ లైటు ఎందుకు వెలిగిందో చెప్పాలంటే స్కానర్ కావాలి. ఏడుస్తూనే ఒకటి కొన్నాడు. దానిలో నలభై రకాల పరీక్షలున్నాయి. గౌస్ నేర్చుకున్నవి రెండే రెండు బొత్తాలు. ఒకటి కోడ్ చూపించేది, రెండోది కోడ్ చెరిపేది. చెరిపేస్తే లైటు ఆరుతుంది, లైటు ఆరితే గిరాకీ వెళ్ళిపోతుంది. సగం బండ్లకు మళ్ళీ వెలగదు కూడా. వెలిగిన నాడు చూసుకోవచ్చులే అని అతని ధైర్యం.

దాంతోపాటు ఒక మాట కూడా అలవాటయింది. బండి యజమాని వచ్చి ఏం చేశావని అడిగితే, "తీసిన, సూసిన, తుడిచి పెట్టిన" అనేవాడు. తీసినా అనేవాడు, తీయకపోయినా అనేవాడు. ఈ మాట అనని మెకానిక్కు కోసం ముత్తంగి నుంచి సంగారెడ్డి దాకా దివిటీ పట్టుకుని తిరిగినా దొరకడు. గిరాకీలు కూడా అదొక మర్యాద మాటలా విని తలూపి పోయేవారు. సూర్యారావు మాత్రం మాటను మాటగానే తీసుకునే మనిషి.

సూర్యారావుది తణుకు దగ్గర పల్లె. నలభై ఏళ్ళ కిందట ఇక్కడి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, వేడిని కొలిచే పరికరాల విభాగంలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. బాయిలర్ దగ్గర మీటరు ముల్లు ఒక గీత అటూ ఇటూ కదిలితే అన్నం సహించేది కాదట. తోటి రిటైరీలందరితో పాటు కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. మోకాళ్ళు అరిగి కింద కూర్చోలేని స్థితి కాబట్టి గౌస్ దగ్గరికి వచ్చాడు. "వంగగలిగితే నీలాంటి రోడ్డు పక్క మనుషుల గడప తొక్కేవాణ్ణి కాదు" అని మొదటి రోజే మొహం మీద అన్నాడు. గౌస్‌కు ఒళ్ళు మండింది. కానీ ఆయన వెనకాల కాలనీలో నూట యాభై బండ్లున్నాయి, మింగి ఊరుకున్నాడు.

సూర్యారావుది డీజిల్ బండి. చలి మొదలైన వారానికి పసుపు లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ-జీరో-ఫైవ్-జీరో-ఈ అని వచ్చింది. చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు బయటికి పోయే పొగ, వేడెక్కాల్సినంత త్వరగా వేడెక్కడం లేదని దాని అర్థం. ఆ వేడిని కొలిచే సెన్సార్ బండి కడుపు కింద పొగ గొట్టానికి బిగించి ఉంటుంది. గౌస్ గొట్టం వెనక అరచెయ్యి పెట్టి చూశాడు. పొగ కణకణమంటోంది. తెర మీద వేడి అంకె కూడా సరిగ్గానే ఉంది. రోగమేమీ కనపడకపోయేసరికి రెండో బొత్తాం నొక్కాడు. తీసిన, సూసిన, తుడిచి పెట్టిన అన్నాడు.

నాలుగు రోజులకు లైటు మళ్ళీ వెలిగింది. మళ్ళీ బొత్తాం నొక్కాడు, మళ్ళీ అదే మాట చెప్పాడు. వారానికి మూడోసారి వచ్చినప్పుడు సూర్యారావు బండి దిగలేదు. కిటికీ అద్దం దించి అడిగాడు.

"సెన్సార్ తీశావా?"

"తీసిన సార్. మూడుసార్లు తీసిన. మంచిగున్నది."

"తీసినప్పుడు ఏం కనపడింది?"

"ఏం కనపడ్తది సార్? మసి పట్టి ఉండె, తుడిచిన."

"మసి తప్ప ఇంకేమీ లేదూ? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"ఇంకేముంటది? సెన్సార్ కాడ సెన్సారే ఉంటది గని బంగారం ఉంటదా!" అని గౌస్ విసుక్కున్నాడు.

సూర్యారావు అతన్ని ఎగాదిగా చూశాడు. అద్దం ఎత్తుకుని పోయాడు. ఆ సాయంత్రమే కాలనీ వాట్సాప్ గుంపులో ఆయన రాత పడింది. ముత్తంగి గౌస్ తన బండిలోని అసలు సెన్సార్‌ను కాజేసి నకిలీది బిగించాడని, రుజువు తన దగ్గరుందని, అందరూ తమ బండ్లు చూసుకోమని.

మర్నాడు షెడ్డులో ఉన్న ఆరు బండ్లలో నాలుగింటిని పని సగంలో ఉండగానే తీసుకుపోయారు. తొమ్మిదేళ్ళుగా వస్తున్న వెంకటరమణమ్మ కూడా వచ్చింది. ఎప్పుడూ తాళంచెవి విసిరేసి "నీ ఇష్టం గౌస్" అని పోయే మనిషి, ఆ రోజు డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో, జాకీ ఉందో లేదో చూసుకుంది. అతని ముందే చూసుకుంది. గౌస్‌కు తల కొట్టేసినట్టయింది. గిరాకీ పోతే ఇంకో గిరాకీ వస్తుంది. పేరు పోతే ఈ సర్వీసు రోడ్డు మీద షెడ్డు తెరిచి ఏం లాభమని ఆ పూట రేకు తలుపు లాగేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య ఖమరున్నీసాకు ఆ వార్త అప్పటికే చేరింది. ఆమె ఏడవలేదు, ఓదార్చనూలేదు. ఎదురుగా వచ్చి నిలబడి ఒక్కటే అడిగింది.

"నికాలే క్యా నై? సచ్ బోలో."

తీశావా లేదా, నిజం చెప్పు అని. గౌస్ ఇంతెత్తున లేచాడు. సొంత పెళ్ళానికే నమ్మకం లేకపోతే బయటివాళ్ళను ఏమనాలి అని అరిచాడు. ఆమె అతని అరుపు అయిపోయేదాకా ఆగి, వంటింట్లోకి పోయింది. ఆమెకు జవాబు తెలిసిపోయిందని అతనికీ తెలిసింది. ఆ కోపం కూడా తీసుకెళ్ళి సూర్యారావు ఖాతాలోనే వేశాడు.

రెండు రోజులు సూర్యారావును తిట్టుకుంటూ గడిపాక, మూడో రోజు గౌస్ బుర్ర దారికొచ్చింది. కోడ్ చెప్పేది చల్లటి ఇంజను సంగతి. సూర్యారావు కాలనీ నుంచి షెడ్డుకు నాలుగు కిలోమీటర్లు నడుపుకుంటూ వస్తాడు. వచ్చేసరికి ఇంజను పొగలు కక్కుతుంటుంది. జ్వరం దిగిపోయాక డాక్టరు దగ్గరికి వచ్చినట్టు, వేడి బండిలో చలి రోగం ఎట్లా కనపడుతుంది? ఇంత చిన్న సంగతి మూడుసార్లు బండి ముందు నిలబడి కూడా తట్టనందుకు గౌస్ తన నెత్తిమీద తానే ఒకటి మొట్టుకున్నాడు.

నేరుగా కాలనీ కార్యదర్శి చలపతిరావు ఇంటికి పోయాడు. గేటు బయటే నిలబెట్టి మాట్లాడినా సహించాడు.

"ఆయితారం పొద్దుగాల అందరు ఉండాలె సార్. శనివారం సాయంత్రం కెల్లి ఆ బండిని ఎవ్వరు స్టార్ట్ చెయ్యొద్దు. అందరి ముంగట సెన్సార్ తీస్త. నేను మార్చినట్టు తేలితే షెడ్డు పీక్కొని పోత."

"తేలకపోతే?"

"తేలకపోతే ఆ రావు సాబ్ నోటితోనే చెప్పాలె, గౌస్ దొంగ కాదని."

ఆదివారం పొద్దున ఆరున్నరకు పారిశ్రామికవాడ వైపు నుంచి వచ్చే మందుల వాసన మంచులో చిక్కుకుని కాలనీ మీద కూర్చుంది. మంకీ క్యాపులు, శాలువాలు కప్పుకుని ఇరవై మందిదాకా సూర్యారావు గేటు ముందు చేరారు. ఆయన భార్య బుల్లెమ్మ పళ్ళెంలో టీ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చింది. గౌస్ దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం పక్కకు తిరిగింది. గౌస్ స్కానర్ తీగ బిగిస్తున్నట్టు నటించాడు.

"ఇన్ని రోజుల్లో మళ్ళీ అసలుది తెచ్చి పెట్టేసే ఏర్పాటు చేసుకున్నావేమో, చేతులు చూపించు ముందు" అన్నాడు సూర్యారావు. కుర్చీ వేసుకుని బండి పక్కనే కూర్చుని ఉన్నాడు.

గౌస్ రెండు చేతులూ చాపి చూపించాడు. జేబులు తిరగేసి చూపించాడు. చూపిస్తున్నంతసేపూ ఆయన కళ్ళలోకే చూశాడు.

బండి స్టార్ట్ చేశారు. తెర మీద అంకె పద్నాలుగు దగ్గర మొదలైంది. ఒక నిమిషానికి ఇరవై ఒకటి. రెండో నిమిషం సగానికి ముప్ఫై మూడు. గౌస్ బండి కింద దూరి, సెన్సార్ పక్కన గొట్టానికి తడి గుడ్డ తాకించాడు. సుయ్‌మని ఆవిరి లేచింది. గొట్టం కాలిపోతుంటే తెర ముప్ఫై మూడంటోంది. పొగలో లోపం లేదు, చెప్పేవాడిలోనే ఉంది.

"సెన్సార్ తప్పు చెప్తున్నది" అని కింద నుంచే అరిచాడు.

"చెప్పదా మరి? నకిలీది కదా!" సూర్యారావు గొంతు ఖంగుమంది. "విన్నారుగా చలపతిరావుగారూ, తన నోటితో తనే ఒప్పుకున్నాడు."

చుట్టూ గొణుగుడు మొదలైంది. ఎవరో ఛీ అన్నారు. బండి ఆపించి, గౌస్ పళ్ళు బిగపట్టి పానా వేశాడు. సెన్సార్ మరబిగింపు ఒక పట్టాన కదల్లేదు. నూనె వేసి, గుడ్డ చుట్టి, బలమంతా పెడితే వదిలింది. తిప్పి తిప్పి బయటికి లాగాడు.

సెన్సార్ కొస మీద ఏదో ఉంది. దర్జీలు వేలికి పెట్టుకునే అంగుస్తానా లాంటిది, కొంచెం పొడుగ్గా, కొస మూసి, లేత్ మీద నునుపుగా తీసిన స్టీలు తొడుగు. కంపెనీ పెట్టింది కాదని చూడగానే తెలుస్తుంది. అంత మందం తొడుగులో కూర్చుంటే సెన్సార్‌కు వేడి తెలియడానికే చాలాసేపు పడుతుంది. తెలిశాక అంకె సరిగ్గానే చూపిస్తుంది. వేడి బండిలో రోగం దొరకనిది అందుకే.

గౌస్‌కు ముందు సంతోషం వచ్చింది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. తీసినప్పుడు ఏం కనపడిందని సూర్యారావు అంత గుచ్చి గుచ్చి అడిగింది దీని గురించే. నిజంగా తీసినవాడికి మొదటిసారే ఇది కనపడేది. మసి తప్ప ఏమీ లేదన్నాడు కాబట్టే, తొడుగుతో సహా సెన్సార్ మాయమైందని ఆయన అనుకున్నాడు. ఇప్పుడు ఇది చూపిస్తే గౌస్ దొంగ కాదని తేలుతుంది. మూడుసార్లూ అబద్ధం చెప్పాడని కూడా దీంతోనే తేలుతుంది.

ఒక్క గుంజు గుంజితే తొడుగు ఊడి వస్తుంది. చొక్కాలో వేసుకుంటే ఎవరికీ కనపడదు. కానీ అప్పుడు దొంగ అన్న మాట ఎప్పటికీ పోదు. నూనె, మట్టి మొహం మీద కారుతుంటే గౌస్ అలాగే పడుకుని ఉండిపోయాడు. అబద్ధాలకోరు అనిపించుకోవడం ఎంత కష్టమో అతనికి అంతవరకూ తెలియదు.

"ఏమయ్యా, నిద్రపోయావా?" అంది పైనుంచి సూర్యారావు గొంతు.

గౌస్ పాకుతూ బయటికి వచ్చి, తొడుగుతో ఉన్న సెన్సార్‌ను ఆయన ఒళ్ళో పెట్టాడు.

సూర్యారావు మొహంలో రంగు మారిపోయింది. తొడుగును వేళ్ళతో తడిమాడు. తల ఎత్తలేదు.

"ఇది ఉందా?" అన్నాడు, చాలా చిన్నగా.

"ఏమిటండీ అది?" అని చలపతిరావు వంగి చూశాడు.

"నేను చేసిందే. బాయిలర్లో ఏ సెన్సార్నీ బోసిగా పెట్టం. తొడుగు వేస్తాం, ఏళ్ళ తరబడి చెడదు. కిందటేడు బండి సెన్సార్ ఒకటి పోయిందని, మొన్న దసరాకి నా చేత్తో లేత్ పట్టి చేశాను. పటాన్‌చెరులో మావాడి సర్వీసు సెంటర్లో బండిని పైకెత్తించి, నిలబడి నేనే పెట్టాను."

"దాంతోనే నీ బండి బీమార్ పడ్డది రావు సాబ్" అన్నాడు గౌస్. "తొడుగు ఏసుకొని కూసున్నదానికి ఏడి జల్దీ ఎట్ల ఎరుకైతది?"

"నాకు చెబుతున్నావా నువ్వు? ముప్ఫై ఆరేళ్ళు..."

"సెప్పుడెందుకు, సూపిస్త. ఉడుకుడుకు నీళ్ళు తెప్పియ్యి."

బుల్లెమ్మ మసిలే నీళ్ళ గిన్నె పట్టుకొచ్చింది. సెన్సార్‌కు తీగ తగిలించి, తాళం తిప్పి, గౌస్ తొడుగుతో సహా దాన్ని నీళ్ళలో ముంచాడు. సూర్యారావు గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. నలభై సెకన్లయినా తెర మీద అంకె అరవై దాటలేదు. తొడుగు లాగేసి, ఇంకో గిన్నె మసిలే నీళ్ళలో ముంచారు. ఏడు సెకన్లకే తొంభై అయింది.

అందరూ సూర్యారావు వైపు చూశారు. ఆయన కావాలంటే ఇంకో వంక వెతకొచ్చు, నీళ్ళు వేరు, పొగ వేరు అని వాదించొచ్చు. కానీ ముల్లు చూపించింది మార్చి రాయడం ఆ మనిషి జన్మలో చేయలేదు.

"తప్పు తొడుగుదే" అన్నాడు. "అంటే నాది. గౌస్ దొంగతనం చేయలేదు. ఆ మాట అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నాను. గుంపులో కూడా రాస్తాను."

ఎవరో హమ్మయ్య అన్నారు. వెంకటరమణమ్మ తల దించుకుంది. గౌస్ సామాను సర్దుకోవడానికి వంగాడు, త్వరగా అక్కడి నుంచి బయటపడాలని.

"ఆగు" అన్నాడు సూర్యారావు. కర్ర మీద ఆనుకుని లేచి నిలబడ్డాడు. "సగం రీడింగు చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. మూడుసార్లు తీశానన్నావు. తీసుంటే మొదటిరోజే ఇది నీ చేతికొచ్చేది. తీశావా?"



"తియ్యలే" అన్నాడు గౌస్.

"ఒక్కసారి కూడా?"

"ఒక్కపారి గూడ తియ్యలే. కోడ్ తుడిపి పంపిన."

"అదీ రాస్తాను."

"రాస్కో." గౌస్ తల దించలేదు. "నువ్వు గూడ మల్ల బండి ఎత్తిచ్చి సూడలే గద రావు సాబ్? సూడకుండనే దొంగన్నవ్. అది గూడ రాయి."

 సూర్యారావు అవునని తలూపాడు. ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాపలేదు, ఎవరూ క్షమించమనలేదు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా వాళ్ళిద్దరి మధ్య ఇంకో మాట లేదు.

రాత మాత్రం గంటలోనే పడింది. మూడు వాక్యాలే. గౌస్ దొంగ కాదు. తొడుగు పెట్టి, చూడకుండా నింద వేసింది నేను. గౌస్ మూడుసార్లు తీశానన్న సెన్సార్‌ను ఒక్కసారి కూడా తీయలేదు. కింద సంతకంతో సహా.

కాలనీ బండ్లు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. గౌస్ అంత పనివాడు ఆ దరిదాపుల్లో లేడు మరి. ఇప్పుడు లైటు వెలిగిన ప్రతి బండినీ ఒక రాత్రి షెడ్డులో పెట్టుకుని, పొద్దున చల్లటి ఇంజను మీదే చూస్తున్నాడు. రెండో బొత్తాం ఆఖరున నొక్కుతున్నాడు. అయితే అతను బండి కింద దూరితే యజమాని కూడా పక్కన గొంతుకూర్చుంటున్నాడు. మోకాళ్ళ నొప్పులతో వెంకటరమణమ్మ స్టూలు తెచ్చుకుని మరీ కూర్చుంటోంది.

"తీశావా గౌస్? ఏదీ, చూపించు" అంటుంది, మెల్లగా, కోపం లేకుండానే.

గౌస్ తీసిన దాన్ని తుడిచి ఆమె చేతిలో పెడతాడు. పెట్టిన ప్రతిసారీ చెంప మీద కొట్టినట్టే ఉంటుంది. అంతటి నోటిదురుసు మనిషికి ఒక్క తిట్టూ నోటికి రాదు.